ఆకుకూరలు - వాని పోషకబలము



ఉయ్యాలవాడ ప్రాంతపు నల్లరేగడి చేలలో జొన్న, శనగ పండించు మన యిండ్లలో ఆకుకూర యనిన కొంత చులకన గలదు. తనంతట మొలచు గురుగాకు, చెంచలాకు, పాయలాకులను మన పెద్దలు కలుపు తీయునపుడు ఒడిలో గట్టి తెచ్చి పప్పుతో వండుచుండిరి. కలుపుమందులు చల్లిన చేలలో నవి మిగులవు. కలుపుతోబాటు మన కంచమునుండి తొలగునది యేమో తెలిసికొనుట యవసరము.

జొన్నరొట్టె బలము నిచ్చును. పప్పు కండను బెంచును. కన్నులకు మేలుచేయు బీటా కెరోటిన్, రక్తవృద్ధికి వలయు ఫోలిక్ ఆమ్లము ముదురుపచ్చని యాకులలో విస్తారముగా నున్నవి. కెరోటిన్ మన శరీరమున ఎ విటమినుగా మారును. అది చాలనిచో పిల్లలకు రేచీకటి వచ్చును. ఫోలిక్ అను పేరే ఆకు అను అర్థముగల లాటిను పదమునుండి పుట్టినది. 1941లో అమెరికా శాస్త్రజ్ఞులు పాలకూరనుండి దీనిని గ్రహించి యా పేరిడిరి. భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారి నాయకత్వమున 1945లో లెడర్లీ ప్రయోగశాలయందు దీని కృత్రిమ నిర్మాణము సిద్ధించెను. ఇది కొరవడిన రక్తహీనత కలుగును. గర్భము నిలిచిన మొదటి నెలలో శిశువు వెన్నుపాము సరిగా నేర్పడకపోవచ్చును. అయినను గర్భిణులు వైద్యులిచ్చు ఇనుము, ఫోలిక్ ఆమ్లపు మాత్రలను మానరాదు; కూర వానికి తోడే కాని బదులు గాదు.

ఆకులోని ఇనుము సులభముగా నొంటబట్టదు. కూర దింపిన పిదప నిమ్మరసము పిండినచో నందలి సి విటమిను తోడ్పడును. భోజనము కాగానే తేనీరు త్రాగినచో నడ్డుపడును. కెరోటిన్ నూనెలో గరగును గావున తాలింపు రుచికి మాత్రమే గాదు. ఆకును ముందు కడిగి తరువాత తరుగవలెను. కొలది నీట మూతపెట్టి యుడికించి, ఆ నీటిని పారబోయరాదు.

పాలకూర, తోటకూరలలోని ఆక్సాలిక్ ఆమ్లము సున్నమును, అనగా కాల్షియమును, బంధించును. మూత్రపిండములందు రాళ్లుగలవారు పాలకూర తగ్గించుట మంచిది. సున్నమునకు మునగాకు మేలు. సమానమైన తూకమున ఆవుపాలకంటె రెండింతలకు మించి యందున్నది.

పెద్దవారికి దినమునకు 100 గ్రాముల యాకుకూర వలయునని హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ సూచించుచున్నది. ఐదుగురు పెద్దలున్న యింటికి అరకిలో! దినదినము కొనుట భారమే. పెంచుట భారము గాదు. స్నానపు నీరు పారుచోట నొక మునగచెట్టు, దాని ప్రక్క బచ్చలితీగ, రెండు మళ్ల తోటకూర చాలును. తోటకూర సుమారు నెల దినములకే కోతకు వచ్చును. పత్తి, మిరప చేలకు పురుగుమందు కొట్టినప్పుడు ఆ గట్లమీది యాకును మాత్రము కోయకుడు.

సంఘముద్వారా శనగవిత్తనము తెప్పించుకొనునపుడు తోటకూర, మెంతి గింజలను గూడ నడుగుడు. చేనికి ఎరువు వేయ మరువని మనము ఇంటివారి కంచమునకు ఆకు వేయ మరువరాదు.