ఆకలి ఒక్కటే నడిపిస్తుందా?

తిరుమల శ్రీవారి బ్రహ్మోత్సవాలకు ఏటా గద్వాల నుంచి ఒక జత పంచెలు వెళ్తాయి. ఏరువాడ జోడు పంచెలంటారు. ఒక్కోటి 11 గజాల పొడవు, 15 అంగుళాల అంచు, ఆ అంచున కోటకొమ్ముల వరుస. గద్వాల సంస్థానం నాటి నుంచి వస్తున్న ఆనవాయితీ ఇది. నేసేవాళ్లు మండలం రోజులు దీక్ష పడతారు. బట్ట వెడల్పు ఎక్కువ, ఒక్కరి చేతికి అందదు. పక్కపక్కన కూర్చుని కలిసి నేయాలి.

మిగతా రోజుల్లో ఆ ఊరి మగ్గాల మీద నడిచేది చీర. గద్వాల చీరకు ఒళ్లు నూలు, అంచూ కొంగూ పట్టు. నూలు పడుగు వేరు, పట్టు పడుగు వేరు. నాడె సాగిన ప్రతిసారీ ఒంటి పేకను అంచు పేకతో మెలేస్తూ పోవాలి. కుట్టు అనేది ఈ పనినే. ఒక్క మెలిక జారితే నూలుకూ పట్టుకూ మధ్య సందు పడుతుంది. 2010లో భౌగోళిక గుర్తింపు దక్కిన చీర ఇది. అయినా నూలిచ్చేదీ, డిజైన్ చెప్పేదీ చాలాచోట్ల మాస్టర్ వీవరే. నేతగాడికి దక్కేది చీరకింత అని కూలి. పంచెల మగ్గం దగ్గర, చీర మగ్గం దగ్గర మనిషిని కూర్చోబెట్టేది ఒకే శక్తా?

అమెరికా మనస్తత్వవేత్త అబ్రహాం మాస్లో 1943లో మనిషి అవసరాలను ఐదు మెట్లుగా పేర్చాడు. తిండీ నీళ్లూ మొదటివి. తర్వాత భద్రత, ఆపైన నా అన్నవాళ్లు, ఆపైన గౌరవం, చివరగా తనలోని శక్తిని పూర్తిగా పండించుకోవడం. ఇప్పుడు ప్రతి మేనేజ్‌మెంట్ పుస్తకంలో కనిపించే పిరమిడ్ బొమ్మ ఆయన గీసింది కాదు, తర్వాతివాళ్లు గీశారు. కింది మెట్టు నిండితేనే పైమెట్టు అన్న మొండి వరుస కూడా ఆయనది కాదు. కొందరిలో సృజన తపన మిగతా లోట్లన్నిటినీ మించిపోతుందని ఆ వ్యాసంలోనే రాశాడు.

ఆ మాటకు నిలువెత్తు సాక్ష్యం నాగర్‌కర్నూల్ జిల్లా లింగాల మండలం అవుసలికుంటలో పుట్టాడు. దర్శనం మొగులయ్య. పన్నెండు మెట్ల కిన్నెర భుజాన వేసుకుని ఊరూరా జానపద వీరుడు పండుగ సాయన్న కథ పాడినవాడు. కింద సొరకాయ బుర్రలు, పైన మెట్ల కర్ర, పాట సాగుతుంటే తలాడించే పిట్ట. తాతముత్తాతల నుంచి వచ్చిన విద్య. దాంతో కడుపు నిండిన రోజులు తక్కువ, అయినా వదల్లేదు. ఆయన కళ పాఠ్యపుస్తకంలోకి ఎక్కింది, 2022లో పద్మశ్రీ వచ్చింది. 2024లో హైదరాబాద్ శివారు తుర్కయాంజాల్‌లో ఇంటి నిర్మాణం దగ్గర కూలి పని చేస్తూ కనిపించాడు. పై మెట్టు మీద గౌరవం, కింది మెట్టు ఖాళీ. పేద కళాకారుడి నిబద్ధతను మెచ్చుకుంటూ వ్యాసాలు రాయడం నాకు ఇష్టం ఉండదు. ఆ మెచ్చుకోలు చాటున, ఆకలితోనైనా పాడతాడులే అన్న ధీమా ఒకటి ఉంటుంది. అది అన్యాయం.

డబ్బు గురించి ఇంకో సంగతి ఉంది. 1971లో మనస్తత్వవేత్త ఎడ్వర్డ్ డెసీ కొందరు విద్యార్థులకు ముక్కలు పేర్చే పజిల్ ఇచ్చాడు. విప్పినందుకు డబ్బు తీసుకున్నవాళ్లు, డబ్బు ఆగాక ఖాళీ సమయంలో దాన్ని ముట్టుకోవడం తగ్గించారు. తర్వాత రిచర్డ్ ర్యాన్‌తో కలిసి ఆయన మూడు అవసరాలు తేల్చాడు: తన ఇష్టంతో చేస్తున్నానన్న భావన, చేతనవునన్న నమ్మకం, పదిమందితో బంధం. పంచెల మగ్గం దగ్గర మూడూ ఉన్నాయి. చీర మగ్గం దగ్గర పనితనం ఉంది, ఇష్టానికే చోటు తక్కువ. అందుకని కూలి తగ్గించినా పనిమీద ప్రేమ మిగులుతుందని ఎవరైనా అంటే ఆ ప్రయోగాన్ని తలకిందులుగా చదివినట్టే. అక్కడున్నది కాలేజీ పిల్లలు, వాళ్లకు ఆ పూట బువ్వ బెంగ లేదు.

బంధం సంగతే చూడండి. పాలమూరు కూలీలు దేశమంతా ఆనకట్టల కింద మట్టి మోశారు. గుంపు మేస్త్రీ దగ్గర అడ్వాన్సు తీసుకుని కదిలినవాళ్లు పీర్ల పండుగకు మాత్రం ఊరు చేరాలనుకునేవాళ్లు. బంధం రెండు పూటలా తిన్నాక పుట్టే కోరిక కాదు.

గౌరవం సంగతీ అంతే. తెలంగాణలో కవులే లేరన్న మాట ఒకటి అచ్చయినప్పుడు గద్వాల ప్రాంతపు ఇటిక్యాలపాడు మనిషి సురవరం ప్రతాపరెడ్డి ఊరుకోలేదు. 1926లో తాను మొదలుపెట్టిన గోలకొండ పత్రిక చేతిలో ఉంది. ఊరూరా కవుల ఆచూకీ తీసి, 354 మందితో 1934లో గోలకొండ కవుల సంచిక తెచ్చారు. అప్పటికి తెలంగాణ నిజాం ఏలుబడిలో ఉంది, తెలుగు బడికే దిక్కులేదు. భద్రత అనే మెట్టు నిండలేదు. మా పేర్లు మాకున్నాయి అని చూపించడమే అప్పటి ఆకలి. 1952లో వనపర్తి ఆయన్ను శాసనసభకు పంపింది.

అందుకే గద్వాల చీర విషయంలో నా పట్టు ఒకటే. కుట్టు పనితనానికి కూలి విడిగా లెక్క కట్టాలి, డిజైన్‌లో నేతగాడి మాట చెల్లాలి. చీర మీద దుకాణం చీటీ పక్కనే నేసిన మనిషి పేరు కూడా ఉండాలి.