మంచు కట్టని చలి

ఎదకొచ్చిన గేదెను పశువుల ఆసుపత్రికి తోలుకెళ్లి సూది వేయించినవాళ్లకు ఆ అల్యూమినియం క్యాన్ గుర్తుండే ఉంటుంది. మూత తీయగానే తెల్లటి ఆవిరి పొంగి అంచుల మీదుగా కిందికి జారుతుంది. అందులోంచి పటకారుతో సన్నటి స్ట్రా ఒకటి పైకి తీసి, గోరువెచ్చటి నీళ్లలో కాసేపు ముంచుతారు. ఎక్కడో, ఎప్పుడో ఒక దున్నపోతు నుంచి తీసిన వీర్యం ఆ స్ట్రాలో మళ్లీ కదలడం మొదలుపెడుతుంది.

ఇవాళ కీమోథెరపీకి వెళ్లేముందు ఒక అమ్మాయి తన అండాలను దాచుకోవాలనుకుంటే అవి చేరేది కూడా అలాంటి పాత్రలోకే. లోపల ఉండేది అదే ద్రవ నత్రజని, సున్నాకు 196 డిగ్రీల కింద. పాత్ర చాలా పాతది. 1892లో జేమ్స్ డ్యూవార్ రెండు గోడల మధ్య గాలి తీసేసిన సీసా చేశాడు. పేటెంటు మాత్రం తీసుకోలేదు. అదే సీసాను జర్మన్లు థర్మోస్ పేరుతో ఇంటింటికీ అమ్ముకున్నారు. ఆ చలిలోకి మనిషి అండాన్ని ప్రాణంతో దించి, ప్రాణంతోనే పైకి తీయడం మాత్రం 21వ శతాబ్దంలో గానీ నమ్మకంగా చేతికి రాలేదు.

చలి చంపుతుందని మనం అనుకుంటాం. నిజానికి మైనస్ 196 దగ్గర చావడానికి కూడా వీలుండదు. కణంలో ఏ రసాయన చర్యా సాగదు, కాలం నిలిచిపోయినట్టే. ప్రమాదమంతా దిగే దారిలో, ఎక్కే దారిలో ఉంది. కణంలో ఎక్కువ భాగం నీరు. నీరు గడ్డకడితే పలుకులు కడుతుంది, ఆ పలుకుల అంచులు కణం పొరల్ని చీల్చేస్తాయి. ఫ్రీజర్‌లో పెట్టి తీసిన టమాటా ఎలా చితికిపోయి ఉంటుందో చూశారుగా.

ఆ పలుకుల బారి నుంచి కణాన్ని కాపాడే మొదటి దారి పొరపాటున దొరికింది. లండన్ దగ్గర మిల్ హిల్‌లోని వైద్య పరిశోధన సంస్థలో క్రిస్టఫర్ పోల్జ్ అనే కుర్రాడు కోడిపుంజు వీర్యాన్ని గడ్డకట్టించి బతికించాలని చూస్తున్నాడు. పండ్ల చక్కెర ద్రావణంతో ప్రయత్నించి విసిగి వదిలేశాడు. కొన్ని నెలల తర్వాత చల్లటి గదిలో ఉన్న అదే సీసాతో మళ్లీ మొదలుపెడితే ఈసారి కణాలు ఈదాయి! కొత్తగా కలిపిన చక్కెరతో చేస్తే ఫలితం లేదు. సీసాలో మిగిలిన కాస్త ద్రవాన్ని పరీక్షకు పంపితే అసలు అది చక్కెరే కాదని తేలింది. సీసాల మీది చీటీలు తారుమారయ్యాయి. అందులో ఉన్నది గ్లిజరాల్, గుడ్డు తెల్లసొనలో ఉండే ఆల్బుమిన్. గాజు పలకల మీద కణజాలపు ముక్కల్ని అతికించడానికి వాడే జిగురన్నమాట. 1949లో పోల్జ్, ఆడ్రీ స్మిత్, ఆలన్ పార్క్స్ కలిసి దీన్ని ప్రకటించారు. చీటీ అంటించిన ఆ మనిషెవరో గానీ పాడిరైతులందరూ ఆయనకు రుణపడి ఉన్నారు.

నాలుగేళ్లకే, 1953లో, గడ్డకట్టించిన వీర్యంతో మనుషుల్లోనూ గర్భాలు నిలిచాయి. మగవాడి పని అంత తేలిగ్గా అయిపోయింది. ఆడవాళ్ల వంతు వచ్చేసరికి ఇంకో అర్ధశతాబ్దం గడిచింది. ఇందులో నిర్లక్ష్యం పాలు కొంత ఉందేమో గానీ, పెద్ద అడ్డంకి మాత్రం అండమే. వీర్యకణం దాదాపు ఎండు సరుకు; దానిలో నీరు తక్కువ, ఒక్క బొట్టులో లక్షలుంటాయి, సగం పోయినా పని నడుస్తుంది. అండం శరీరంలోకెల్లా పెద్ద కణం, మిల్లీమీటరులో పదో వంతు, నిండా నీరు. పైగా పక్వమైన అండంలో క్రోమోజోములను వరసలో పట్టి ఉంచే సన్నటి దారాల కదురు ఒకటి ఉంటుంది. చలి తగిలితే చాలు, ఆ కదురు విడిపోతుంది.

అందుకే అండాన్ని పక్కనపెట్టి పిండాన్ని పట్టుకున్నారు. 1972లో విటింగ్‌హామ్, లీబో, మేజర్ ఎలుక పిండాలను నిమిషానికి డిగ్రీ చొప్పున మెల్లగా చల్లార్చి బతికించారు. చుట్టూ ఉన్న ద్రవం ముందు గడ్డకడుతుంది, పిండంలోని నీరు మెల్లగా బయటికి జారుకుంటుంది. ఈ నిదానపు పద్ధతి కోసం కంప్యూటరుతో నడిచే యంత్రాలూ వచ్చాయి.

ఈ చరిత్రలో మనవాడి పేరొకటి చెప్పకుండా ముందుకు వెళ్లలేను. 1978 అక్టోబర్ 3న కలకత్తాలో దుర్గ అనే పాప పుట్టింది. ప్రపంచపు మొదటి టెస్ట్‌ట్యూబ్ శిశువు లూయిస్ బ్రౌన్ పుట్టి అప్పటికి 70 రోజులే. డాక్టర్ సుభాష్ ముఖర్జీ ఆ పిండాన్ని 53 రోజులు గడ్డకట్టించి ఉంచి, ఆ తర్వాతే తల్లి గర్భంలో పెట్టానన్నాడు. ఆయన జట్టులో గడ్డకట్టించే పని చూసిన సునీత్ ముఖర్జీ ఆహార సాంకేతిక శాస్త్రంలో ప్రొఫెసర్. సర్కారు వేసిన కమిటీ సుభాష్ ముఖర్జీ మాట నమ్మలేదు. విదేశాల్లో చెప్పుకోవడానికి అనుమతి రాలేదు. చివరికి కంటి వైద్యశాలకు బదిలీ చేశారు. 1981లో ఆయన తన ప్రాణం తానే తీసుకున్నాడు. ఆస్ట్రేలియాలో గడ్డకట్టిన పిండం నుంచి బిడ్డ పుట్టిందని లోకం చప్పట్లు కొట్టింది 1984లో. దేశంలో మొదటి టెస్ట్‌ట్యూబ్ శిశువును పుట్టించినవాడిగా అప్పటిదాకా గౌరవం అందుకున్న ఆనంద్ కుమార్, సుభాష్ ముఖర్జీ కాగితాలు చదివి, ఆ గౌరవం నాది కాదు ఆయనదేనని 1997లో బాహాటంగా ఒప్పుకున్నాడు. అలా ఒప్పుకునేవాళ్లు ఏ రంగంలోనైనా అరుదు.

పిండంతో ఒక చిక్కుంది. అది ఇద్దరిది. ఇరవై రెండేళ్ల పెళ్లికాని పిల్లకు రక్త కేన్సర్ వస్తే ఎవరి వీర్యంతో పిండం చేస్తారు? పెళ్లయినవాళ్లు రేపు విడిపోతే పిండం ఎవరి మాట వింటుంది? అండమైతే ఆమె ఒక్కదానిదే. 1986లో అడిలైడ్‌లో క్రిస్టఫర్ చెన్ గడ్డకట్టించిన అండంతో కవలలు పుట్టేలా చేశాడు గానీ, ఆ తర్వాత పదేళ్లపాటు అది పెద్దగా ఎవరికీ చేతకాలేదు. అసలు మంచే కట్టనివ్వకుంటే తప్ప ఆ ముడి విడదు.

ఇక్కడ మన వంటింటి సంగతొకటి. పటికబెల్లం, పీచుమిఠాయి రెండూ చక్కెరే. పాకాన్ని రోజుల తరబడి కదపకుండా ఉంచితే దారం చుట్టూ పలుకులు కట్టి పటికబెల్లం అవుతుంది. కరిగిన చక్కెర గాలిలో చటుక్కున చల్లారితే పలుకు కట్టే తీరిక లేక, ఉన్నది ఉన్నట్టు బిగిసి పీచుమిఠాయి అవుతుంది. అది గాజు స్థితి. నీటికీ ఇదే వర్తిస్తుందని 1930లలోనే లుయే అనే క్రైస్తవ పూజారి, జీవశాస్త్రవేత్త వాదించాడు. 1985లో రాల్, ఫాహీ ఎలుక పిండాలతో చేసి చూపించారు. కావలసినవి రెండు: చిక్కటి పాకం, చెప్పలేనంత వేగం.

వేగానికి అడ్డం వచ్చింది నత్రజనే. కాలిన దోసె పెనం మీద నీళ్లు చిలకరిస్తే చుక్కలు వెంటనే ఆవిరైపోక గంతులేస్తాయి, కింద ఏర్పడిన ఆవిరిపొర వేడి తగలనివ్వదు గనక. వెచ్చటి బొట్టును ద్రవ నత్రజనిలో వేసినా అంతే, చుట్టూ ఆవిరి కంబళి కప్పుకుంటుంది. బొట్టు ఎంత చిన్నదైతే కంబళి అంత పలచన. టోక్యోలో మసషిగె కువయామ ఆవుల పిండాలతో పనిచేస్తూ ఇది పట్టుకున్నాడు. 2005లో ఆయన వివరించిన సాధనం పేరు క్రయోటాప్. ఒక పిడి, దాని చివర 0.4 మిల్లీమీటర్ల వెడల్పున్న ప్లాస్టిక్ రేకు. ఇంతే యంత్రం! దాని మీద అండం, చుట్టూ మైక్రోలీటరులో పదో వంతు ద్రవం. మామూలు నీటిచుక్కలో ఐదువందలో వంతన్నమాట.

పని ఇలా సాగుతుంది. పది పన్నెండు రోజులు హార్మోన్ ఇంజక్షన్లు ఇచ్చి, అల్ట్రాసౌండ్‌లో చూస్తూ సూదితో అండాలను తీస్తారు. మొదట పలచటి ద్రావణంలో పావుగంట. మామిడి ముక్కలు ఉప్పులో నీరు వదిలినట్టు అండం ముడుచుకుపోతుంది, మళ్లీ మెల్లగా ఉబ్బుతుంది. తర్వాత చక్కెర కలిసిన చిక్కటి ద్రావణం. అందులో నిమిషం దాటకూడదు, ఎందుకంటే కాపాడే మందే విషం కూడా. రేకు మీదికెత్తి, చుట్టూ ఉన్న ద్రవాన్ని పీల్చేసి, నత్రజనిలో ముంచేస్తారు. నిమిషానికి 23,000 డిగ్రీల వేగం. రెప్పపాటులో పని ముగుస్తుంది. పైకి తీసేటప్పుడు ఇంకా వేగం కావాలి, నిమిషానికి 42,000. కరిగేటప్పుడు తాత్సారం చేస్తే అప్పుడు పలుకు కడుతుంది. కోట్ల రూపాయల ప్రయోగశాలలో ఈ ఘట్టం ఇప్పటికీ ఒక ఎంబ్రియాలజిస్టు వేళ్ల నిలకడ మీదే ఆధారపడి ఉంది.

2012లో అమెరికా సంతాన వైద్యుల సంఘం ఈ పద్ధతికి ప్రయోగాత్మకం అన్న ముద్ర తీసేసింది. కేన్సర్ చికిత్స ముందున్నవాళ్లు, అండాశయాల్లోని చాక్లెట్ సిస్టులకు పదేపదే ఆపరేషన్లు అయినవాళ్లు, ఇంట్లో తల్లికో అక్కకో నలభైలోపే ముట్లు ఆగిపోయినవాళ్లు దీని గురించి ముందే అడగాలి. కీమో మొదలయ్యాక అడిగితే ఆలస్యమే. నెలసరి చక్రంలో ఏ రోజైనా మొదలుపెట్టొచ్చు, రెండు వారాలు చాలు. ఆ రెండు వారాలూ లేనివాళ్లకు, ఇంకా పెద్దమనిషి కాని పిల్లలకు వేరే దారి: అండాశయపు పైపొర ముక్కను తీసి దాచి, జబ్బు నయమయ్యాక తిరిగి కుట్టడం. అలా బెల్జియంలో 2004లో ఒక బిడ్డ పుట్టింది. విచిత్రమేమిటంటే ఆ ముక్కలకు ఇప్పటికీ ఎక్కువగా పాత నిదానపు పద్ధతే నప్పుతోంది.

ఇది బీమా పాలసీ లాంటిదని కొన్ని ప్రకటనలు చెబుతాయి. నాకు ఆ మాట నచ్చదు. ఆడపిల్ల పది ఇరవై లక్షల అండాలతో పుడుతుంది, రజస్వల అయ్యేనాటికి మూడు నాలుగు లక్షలే మిగులుతాయి, ఆ తర్వాత నాణ్యతా తగ్గుతూ పోతుంది. క్యాన్ ఉన్న అండాన్ని ఉన్నట్టు ఆపగలదు, బాగుచేయలేదు. ముప్పై ఎనిమిదేళ్ల అండం ఎన్నాళ్లు దాచినా ముప్పై ఎనిమిదేళ్లదే.

2018 మార్చిలో అమెరికాలో ఒకే వారాంతంలో రెండు నగరాల్లో ఇలాంటి ట్యాంకులు దెబ్బతిన్నాయి. క్లీవ్‌లాండ్‌లోనే 4,000కు పైగా అండాలు, పిండాలు పోయాయి. ఇప్పుడు అలారాలున్నాయి, ఫోన్లకు సందేశాలు వస్తాయి. అయినా చాలాచోట్ల నత్రజని మట్టాన్ని పశువుల ఆసుపత్రిలో చూసినట్టే కర్రతో చూస్తారు. కర్రను అడుగుదాకా ముంచి, పైకి తీసి గాలిలో ఊపుతారు. దాని మీద తెల్లటి మంచు ఎంతవరకు పడితే లోపల నత్రజని అంతవరకు ఉన్నట్టు. పుస్తకంలో సెంటీమీటర్లు రాసుకుని, తక్కువైతే పోసి, మూత పెట్టేస్తారు.