ఏటి యిసుకలో బంగారము

బంగారమునకు మన నిఘంటువులలో బెక్కు పేరులు గలవు. వానిలో జాంబూనద మనునది యొకటి. జంబూనదియందు బుట్టినది గావున దాని కా పేరు గలిగినదని పెద్దలు చెప్పుదురు. ఏటి యిసుకలో బసిడి దొరకునను సంగతి మన పూర్వు లెఱిగియుండిరని యీ యొక్క మాటయే చాటుచున్నది. నేడు మన తెలుగు కుటుంబము లనేకములు కాలిఫోర్నియాలోను, ఆస్ట్రేలియాలోను గాపురము లున్నవి. ఆ దేశములలో సెలవుదినమున బిల్లలతో నేటియొడ్డునకు బోయి బంగారము వెదకుట యొక వినోదము. దానికై లోహములను బసిగట్టు మెటల్ డిటెక్ట రను యంత్రములును అంగళ్లలో నమ్ముచున్నారు. అట్టి యంత్రమును గొనదలచిన సోదరీమణులు ముందుగా దెలిసికొనవలసిన విషయములను గొన్నింటి నిచట వ్రాయుచున్నాను.

బంగారము తఱచుగా గొండలలోని తెల్లని పలుగురాతి చారలలో నుండును. ఎండకు వానకు రాయి పగిలి, యా తునుకలు వాగులవెంట గొట్టుకొనివచ్చును. బంగారము నీటికంటె 19 రెట్లు బరువు. ఇసుక రెండున్నర రెట్లకు గొంచెము మించును. కావున నీరు ఇసుకను మోసికొని పోవుచు, వడి తగ్గినచోట బంగారమును విడిచిపెట్టును. ఏఱు మలుపు తిరుగునపుడు మలుపునకు లోపలివైపునను, పెద్దబండల వెనుకను, అడుగు చట్టురాతి పగుళ్లలోను అది నిలుచును. బరువైన నల్లని యినుపయిసుకయు దానితో గూడ జేరును. నల్లయిసుక కనబడినచోట వెదకుడని యనుభవజ్ఞులు చెప్పుటకు గారణ మిదియే.

బియ్యము గాలించుట యెఱిగిన యిల్లాలి కీ విద్య కొత్తది కాదు. బియ్యమును నీటనుంచి త్రిప్పుచు వంచినచో, బియ్యము నీటితో జాఱిపోయి రా ళ్లడుగున మిగులును. ఇసుకను గాలించుటయు నట్టిదే. ఇచట నడుగున మిగిలినదే మనకు గావలసినది. వెడల్పైన పళ్లెములో నిసుకను బోసి, నీట ముంచి, అటునిటు బాగుగా గుదుపవలెను. బరువైనవి క్రిందికి దిగిన పిదప, పళ్లెమును ముందునకు వంచి పైపొరను గడిగివేయవలెను. మరల గుదుపుట, మరల గడుగుట. తుద కొక చిటికెడు నల్లయిసుక మిగులును. దానిలో నేదైన మెఱసినచో దొందరపడరాదు. కాకిబంగార మెండలో దళుక్కుమని నీడలో మాసిపోవును. తేలికది గావున నీటివెంట బోవును. నిజమైన పసిడి నీడలోను వన్నె తప్పదు, సూదిమొనతో నొక్కిన నొక్కుపడును గాని పొడి కాదు.

ఈ సందర్భమున నొక స్త్రీని దలపకుండరాదు. 1848వ సంవత్సరము జనవరి 24వ తేదీన, కాలిఫోర్నియాలోని కొలోమా యనుచోట అమెరికన్ నదియొడ్డున, కోతమిల్లు కట్టించుచున్న జేమ్స్ మార్షలునకు నీటికాలువలో బసుపువన్నె తునుక దొరకెను. కొందఱు నమ్మలేదు. పనివారికి వంట చేయుచుండిన జెన్నీ విమ్మరు మాత్రము జార్జియాలోని బంగారుభూములలో బెరిగినది. ఆమె యా తునుకను దాను సబ్బు కాచుచున్న క్షారజలపు గాగులో వేసెను. సబ్బు తీసిన పిదప జూడగా నది యడుగున వన్నె చెడక మెఱయుచుండెను. లోకమును గదలించిన యా బంగారమునకు వంటయింటి కాగులోనే పరీక్ష జరిగినదన్నమాట!

ఇక యంత్రము మాట. పొడవైన కఱ్ఱ చివర నొక తీగచుట్ట యుండును. దానిలో విద్యుత్తు ప్రవహించుచు జుట్టు నయస్కాంతశక్తిని గలిగించును. ఆ శక్తి లోహమును దాకినచో లోహములో స్వల్పముగా విద్యుత్తు పుట్టి, మాఱుపలుకు పలుకును. దానిని యంత్రము ధ్వనిగా వినిపించును. ఒక తెగ యంత్రములు విడువక తరంగమును బంపుచుండును. అవి చిన్నతునుకలను బాగుగా గనిపెట్టును గాని, నల్లయిసుకలో గలవరపడును. రెండవ తెగవి విడివిడిగా దట్టుచున్నట్లు పంపును. ఇవి యినుపపాలు గల నేలలో మేలు, వెలయు హెచ్చు.

1980లో ఆస్ట్రేలియాలోని కింగోవరు దగ్గఱ నిట్టి యంత్రముతో 27 కిలోగ్రాముల బంగారుముద్ద దొరకినది. ఆ కథ విని యాశపడువారు, అది యేటిలో గాక పొడినేలలో దొరకినదని గుర్తుంచుకొనవలెను. ఏటిలోని బంగారము చాలవఱకు నూకలకంటె సన్నము. దానిని యంత్రము వినజాలదు. యంత్రము చట్టురాతి పగుళ్లలోని పెద్దతునుకల జాడ జెప్పును; తక్కినదంతయు బళ్లెమును బట్టిన చేతిదే.

మొదట నింటి పెరటిలోనే యభ్యసింపవలెను. ఒక యినుపమేకును, సీసపుముక్కను, తన ముక్కుపుడకను వేర్వేఱుచోట్ల నిసుకతో గప్పి, ధ్వనులలోని భేదమును వినవలెను. పుడకకు దారము గట్టుట మఱువరాదు! ఏటికడ దీగచుట్టను నేలకు జేరువగా, మెల్లగా, వరుస దప్పకుండ ద్రిప్పవలెను. నీటిరొదలో సన్నని ధ్వని వినబడదు గనుక జెవులకు వినుగొట్టములు తగిలించుకొనవలెను. తీగచుట్ట నీట మునుగవచ్చును గాని పైనున్న పెట్టె మునుగునో లేదో కొనునపుడే యడుగవలెను. ధ్వని వచ్చిన యిసుకను బ్లాస్టిక్ చేటతో నెత్తి, సగము సగముగా బంచుచు, ఏ సగము పలుకునో చూచుచు బోయిన దునుక చేజిక్కును. చేతికి లోహపు గాజులున్నచో నవియే పలుకును; ముందుగా దీయవలెను. సీసము దొరకినచో విసుగు చెందరాదు. బరువైన సీసము నిలిచినచోట బంగారమును నిలుచును.

ఏటియొడ్డున కెవరి హక్కు గలదో తెలిసికొనక యడుగు పెట్టరాదు. కొలోమాలోని సర్కారు ఉద్యానవనమున జేతులును బళ్లెమును దప్ప యంత్రములు కూడవు. మన దేశమున 1878 నాటి నిక్షేపముల చట్టము ప్రకారము, నేలలో దాచబడి పది రూపాయలకు మించిన వెలగల వస్తువు దొరకినచో గలెక్టరునకు దెలుపవలెను.

అన్నిటికంటె ముఖ్యమైన దింకొకటి. నాటి గనివారు బంగారమును బట్టుటకు బాదరసమును విస్తారముగా వాడిరి. అది కాలిఫోర్నియా నదులలో నేటికిని మిగిలియున్నది. పళ్లెములో వెండిపూత పూసినట్టి బంగారము కనబడిన నది పాదరసమని యెఱుంగవలెను. దానిని వట్టిచేతితో ముట్టరాదు. పొయ్యిమీద గాచి శుద్ధి చేయుదమను దలపే కూడదు. ఆ యావిరి కంటికి గనబడదు, వాసన లేదు. మెదడును, మూత్రపిండములను, గర్భస్థశిశువును జెఱచును. మూతగట్టిన సీసాలో నుంచి, అపాయకరమైన చెత్తను బుచ్చుకొను సర్కారువారికి నీయవలెను.

ఆ బంగారపు వెఱ్ఱి మూలమున బరులు వచ్చి పడగా, కాలిఫోర్నియాలోని తొల్లింటి జాతులవారు హత్యలచేతను, రోగములచేతను, ఆకలిచేతను ఇరువదియేండ్లలో వేలకొలది నశించిరి. మన దేశముననే, జార్ఖండులోని సువర్ణరేఖానదిలో నేటికిని స్త్రీలు మోకాలిలోతు నీట నిలిచి కొయ్యపళ్లెములతో నిసుక గాలించుచున్నారు. దినమంతయు శ్రమపడిన వారికి దొరకునది బియ్యపుగింజంత. దాని నూరి వర్తకులు చవుకగా గొందురు. మన కొక పూట వినోదమైనది వారికి గడుపుకూడు. పిల్లలతో నేటికి బోయిన తల్లి, నడుము నొచ్చువఱకు నొక్క పళ్లెమైన దానే గాలించి, యీ స్త్రీల సంగతి వారికి జెప్పినచో, మెడలోని గొలుసు తూకమెంతయో ఆ పిల్లలకు బాగుగా దెలియును.