కడలికి ఆవలి వైద్యుడు

కాపురము మార్చినవాడు కొత్త ఊరిలో మొదట విచారించునది నీళ్లు, పాలు, పిల్లల బడి. వైద్యుని మాట జ్వరము వచ్చిననాడు గాని తోచదు. మన ఊళ్లలో ఇది పెద్ద లోపము కాదు. ఈ వీధిలో లేని వైద్యుడు పై వీధిలో నుండును. చిన్న పట్టణమున దొరకని నిపుణుడు విశాఖపట్నమునకో విజయవాడకో బస్సెక్కినచో దొరకును. ద్వీపమునకు కాపురము పోయినవారికి ఈ ధీమా చెల్లదు. ఈ సంగతిని నేను పుస్తకములలో చదివి తెలిసికొనలేదు. మా అక్కయ్య విషయమున ఒక పొరపాటు చేసి తెలిసికొంటిని.

మా మేనల్లునికి 2023లో అండమానులోని హేవ్‌లాక్ ద్వీపమున ఒక హోటలులో ఉద్యోగము వచ్చెను. ఆ ద్వీపమునకు 2018 డిసెంబరులో స్వరాజ్ ద్వీపమని పేరు పెట్టిరి. శ్రీకాకుళము, విశాఖ ప్రాంతముల నుండి అండమానునకు పోయి స్థిరపడిన తెలుగు కుటుంబములు అనేకము కలవు. అక్కడ తెలుగు మాధ్యమమున పాఠములు చెప్పు బడులును ఉన్నవి. కావున పరాయి నేలకు పోవుచున్నామన్న దిగులు మాలో ఎవ్వరికిని లేకుండెను. భార్యను, పసిబిడ్డను, తల్లిని వెంటబెట్టుకొని అతడు ఆ నవంబరులో పోయెను. మా అక్కయ్యకు అప్పటికి అరువది నాలుగేండ్లు. చాలకాలముగా మధుమేహము, రక్తపుపోటు.

టెక్కలిలో ఆమెకు ఇరువది ఏండ్లుగా ఒక్కడే వైద్యుడు. ఆయన వ్రాసిన చీటీలను ఆమె ఎన్నడును దాచియుండలేదు. ఆయనకే అన్నియు జ్ఞాపకము. హేవ్‌లాక్‌లోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రమునకు మొదటిసారి పోయినపుడు అక్కడి యువ వైద్యురాలు ఏ మందులు వాడుచున్నారని హిందీలో అడిగినదట. కోడలు దానిని తెలుగున చెప్పగా, "పొద్దున్న చిన్న తెల్లది, రాత్రి పసుపుపచ్చది" అని మా అక్కయ్య జవాబు. లోకమున పసుపుపచ్చ మాత్రలు ఎన్ని కలవో! ఇరువది ఏండ్ల రోగచరిత్ర అంతయు ఆ పెద్ద వైద్యుని తలలో టెక్కలిలోనే మిగిలిపోయినది. ఊరు విడుచుటకు ముందు ఒక్క గంట ఆయన యెదుట కూర్చుండి మందుల పేర్లు, అవియును కంపెనీలు పెట్టిన పేర్లు గాక అసలు పేర్లు, మోతాదులు, పరీక్షల ఫలితములు ఒక కాగితము మీద వ్రాయించుకొని యుండవలసినది. పిల్లవానిని కొత్త బడిలో చేర్చునపుడు టి.సి. అడుగుదుము గదా; రోగికిని అట్టి పత్రము కావలెనని మాలో ఇద్దరు ఉపాధ్యాయులుండియు ఒక్కరికిని తోచలేదు. చివరకు ఆ వైద్యురాలే టెక్కలి మందుల దుకాణము నుండి ఫోనులో చిత్రములు తెప్పించి, ఒక నోటుపుస్తకమున అన్నియు ఎక్కించి ఇచ్చినది.

అండమానులో వైద్యము ప్రధానముగా ప్రభుత్వము చేతిలోనున్నది. ద్వీపములలో ఆరోగ్య కేంద్రములు, మాయాబందరులో రాజేంద్రప్రసాదు పేర ఒక ఆసుపత్రి, కారునికోబారులో బిషప్ జాన్ రిచర్డ్‌సన్ పేర ఇంకొకటి, అన్నింటికి పైన పోర్టుబ్లేయరులోని గోవింద వల్లభ పంత్ ఆసుపత్రి. (2024 సెప్టెంబరులో పోర్టుబ్లేయరునకు శ్రీవిజయపురమను పేరు వచ్చినది, మా అక్కయ్య నోట మాత్రము పాతపేరే.) ఈ ఆసుపత్రి 1963లో సెల్యులర్ జైలు ఆవరణములోనే వెలసినది. ఏడు బారులుగా కట్టిన ఆ చెరసాలలో నేడు మూడు బారులే నిలిచియున్నవి. సముద్రము దాటి పోజాలరని ఖైదీలను తెచ్చి యుంచిన ఆ చోటనే, రోగిని సముద్రము దాటించుట ఎట్లా యని ఇప్పుడు వైద్యులు ఆలోచింపవలసి వచ్చుచున్నది. 2015 నుండి అక్కడ వైద్య కళాశాలయు నడచుచున్నది. రోగికి అయ్యెడి ఖర్చు స్వల్పము. కాని గుండె శస్త్రచికిత్స వంటి పెద్దవాటికి చెన్నపట్టణమునకో కలకత్తాకో పోవలసినదే. చెన్నపట్టణము అక్కడికి సుమారు 1,370 కిలోమీటర్లు. విమానమున రెండు గంటలకు పైన, ఓడలో సుమారు మూడు రోజులు.

బీమా విషయమున నేను గ్రహింపనిది సరిగా ఇదియే. ద్వీపవాసికి ద్వీపములోని వైద్యమునకు బీమాతో అంత పని లేదు. "ఆవలి ఒడ్డునకు తీసికొనిపొండు" అని వైద్యుడు చెప్పిన క్షణమున దాని పని మొదలగును.

మా అక్కయ్యకు తొమ్మిదేండ్లుగా నడచుచున్న ఆరోగ్య బీమా పాలసీ యొకటి యుండెను. ఆ డిసెంబరులో దానిని తిరిగి చెల్లింపవలసి వచ్చినపుడు మేనల్లుడు నన్నడిగెను: "మామయ్యా, ఇది ఉంచమంటావా, మానమంటావా?" నేను ఆ కంపెనీవారి ఆసుపత్రుల జాబితా తెరచి హేవ్‌లాక్ కొరకు వెదకితిని. లేదు. "అక్కడ పనికిరానిదానికి డబ్బు ఎందుకురా? కొత్తది చవుకగా చూడు" అంటిని. జాబితాలో నేను చూడవలసిన ఊరు హేవ్‌లాక్ కాదు, చెన్నపట్టణము. అక్కడ ఆ కంపెనీతో ఒప్పందమున్న ఆసుపత్రులు పుటల కొలది యుండెను. ఆ పుట నేను తిప్పనే లేదు.

2024 జనవరిలో కొత్త పాలసీ తీసికొనిరి. మధుమేహము సంగతి వ్రాయవద్దని ఏజెంటు సలహా యిచ్చెను, మేము వ్రాసితిమి. ఆ ఒక్క విషయమున మాత్రము తప్పు చేయలేదు.

ఆగస్టులో ఒకనాటి రాత్రి ఆమెకు రొమ్ములో బరువు, ఒడలంత చెమట. ఆరోగ్య కేంద్రమున ఇ.సి.జి. తీసి మందిచ్చిరి. తెల్లవారుసరికి సముద్రము పొంగి పడవలు నిలిచిపోయినవి. ఆ వైద్యురాలే పోర్టుబ్లేయరుతో మాటాడి హెలికాప్టరులో చోటు ఇప్పించినది. నోటుపుస్తకము అక్కయ్యతో కూడ పోయినది. పంత్ ఆసుపత్రివారు ప్రాణము నిలిపిరి. వారము తరువాత, శస్త్రచికిత్స అవసరము, చెన్నపట్టణమునకు తీసికొనిపొమ్మనిరి. విమాన సంస్థవారు ప్రయాణమునకు తగినట్లున్నదని వైద్యుని పత్రము అడిగిరి. కూర్చుండగలిగినది గనుక సరిపోయినది. స్ట్రెచరు మీద పోవలసిన రోగికి విమానమున అనేక సీట్లు కొనవలెను. బీమా కంపెనీ నుండి వచ్చిన జవాబు మూడు పంక్తులు. ముందునుండి యున్న వ్యాధులకు, వాటి వలన కలుగు ఉపద్రవములకు నిరీక్షణ కాలము మూడేండ్లు. ఈ పాలసీకి నిండినవి ఏడు నెలలు. నియమమును బట్టి వారిది తప్పు కాదు. పాత పాలసీ యుండినచో ఆ నిరీక్షణ ఏనాడో తీరియుండెడిది. నాలుగు లక్షల పైచిలుకు బిల్లులో సగము నా భవిష్యనిధి నుండి అప్పు తీసి కట్టితిని. సలహా నాది గదా.

తరువాత కూర్చుండి చదివితిని, చదువవలసినది ముందే. పాలసీ నచ్చకున్నను విడిచిపెట్టనక్కరలేదు. గడువు తీరక మునుపే వేరొక కంపెనీకి మార్చుకొనవచ్చును. పాత బీమా మొత్తము మేరకు, గడచిన నిరీక్షణ కాలము వెంట వచ్చును. గడువునకు నెలన్నర ముందుగా ప్రారంభించుట మేలు. ముందున్న వ్యాధుల నిరీక్షణ 2024 ఏప్రిలు నుండి ఏ కంపెనీయు మూడేండ్లకు మించి పెట్టరాదు. అంతకు పూర్వము నాలుగేండ్ల వరకు పెట్టెడివారు. 2025 సెప్టెంబరు 22 నుండి వ్యక్తులు కొను ఆరోగ్య పాలసీల మీద జి.ఎస్.టి. తీసివేసిరి, అంతకుముందు నూటికి 18 రూపాయలుండెను.

వీటికంటె ద్వీపవాసికి ముఖ్యమైనవి వేరు. కొన్ని కంపెనీలు దేశములోని ఊళ్లను మండలములుగా విభజించి, చిన్న ఊరివారికి ప్రీమియము తగ్గించును. వారు పెద్ద నగరమున చికిత్స పొందినచో బిల్లులో ఒక భాగము వారినే కట్టుకొమ్మనును. ద్వీపపు చిరునామాతో చవుకగా దొరకినదని సంతోషించువాడు ఈ షరతు చదువకున్న చెన్నపట్టణమున కన్ను తెరచును. ఆంబులెన్సు అని వ్రాసినచోట చాల పాలసీలలో ఉన్నది రోడ్డు మీది బండికి కొద్దిపాటి మొత్తము. వైద్య విమానమునకు వేరుగా షరతు చూడవలెను, దానికి ముందుగా అనుమతియు అడుగుదురు. ఉద్యోగమిచ్చినవారు బీమా యిచ్చిరని సంతృప్తి పడక, అందులో తలిదండ్రుల పేర్లున్నవో లేవో చూడవలెను. మా మేనల్లుని హోటలువారి బీమాలో తల్లి పేరు లేదు. 2018లో మొదలైన ఆయుష్మాన్ భారత్ పథకమున కుటుంబమునకు ఏటికి అయిదు లక్షల వరకు చికిత్స కలదు, రాష్ట్రము దాటియు చెల్లును. 2024 అక్టోబరు నుండి డెబ్బది నిండిన వారందరికిని వర్తించుచున్నది. మా అక్కయ్యకు ఇంక కొన్నేండ్లు కావలెను.

మొన్న వేసవి సెలవులలో నేను హేవ్‌లాక్ పోయితిని. అక్కయ్య బజారునకు నడచి పోవుచున్నది, హిందీలో బేరము చేయుచున్నది. మందుల డబ్బా మూతకు లోపల ఒక కాగితము అంటించియున్నది. దాని మీద మందుల పేర్లు, ఆరోగ్య కేంద్రపు ఫోను సంఖ్య, చెన్నపట్టణపు ఆసుపత్రి పేరు, పాలసీ సంఖ్య. దాని నకలు కోడలి సంచిలో నొకటి, నా జేబులో నొకటి. కొత్త పాలసీ నిరీక్షణ కాలము 2027 జనవరితో తీరును. ప్రీమియము ఈసారి గడువునకు నెల ముందే కట్టితిమని మేనల్లుడు చెప్పుచుండగా, లోపలినుండి అక్కయ్య, "రసీదు మీ మామయ్యకు చూపించు, చదివి చెప్తాడు" అన్నది.