అక్కడ ‘అరవం’.. ఇక్కడ ‘గొల్టి’!

రెండు వైపులా గుచ్చుతున్న మాటలు

చెన్నై: ‘కొంజం అడ్జస్ట్ పణ్ణుంగ’.. ‘సిల్లరై ఇల్లియా?’.. ‘మీటరుకు మేల ఇరువదు రూబా కుడుంగ’.. చెన్నైలో రోజుకు పదిసార్లయినా చెవిన పడే మాటలివి. ముగ్గురు కూర్చునే సీట్లో నాలుగో మనిషి ఇరుక్కునేటప్పుడు మొదటిది. బస్సులో పెద్ద నోటు తీస్తే రెండోది. ఇక మూడోది సరేసరి. ఆటో ఛార్జీలను ప్రభుత్వం 2013లో మొదటి 1.8 కిలోమీటర్లకు రూ.25, ఆపై కిలోమీటరుకు రూ.12గా ఖరారు చేశాక కూడా ఆ ‘మేల’ పోలేదు. వింటే చిరాకే. అయినా ఈ చిరాకు తమిళులకూ, తెలుగువారికీ, మార్వాడీలకూ సమానం. ఇల్లు చేరేసరికి మర్చిపోతాం.

మర్చిపోలేని మాటలు వేరే ఉన్నాయి. అవి తెలుగువారికే ప్రత్యేకం.

తిరగేసిన పేరు

‘గొల్టి’.. కాలేజీ హాస్టళ్లలో, ఆఫీసు క్యాంటీన్లలో వినిపించే మాట. తె-లు-గు అన్న మూడక్షరాలను వెనక నుంచి చదివితే గు-లు-తె. అదే నలిగి గుల్టి, గొల్టి అయిందంటారు. అనేవాడికి సరదా. ‘ఊరికే అన్నాన్రా, సీరియస్‌గా తీసుకోకు’ అన్నది దానికి తోక. అసలు మాటకంటే ఈ తోకే ఎక్కువ మండిస్తుంది. నవ్వకపోతే తప్పు మనదవుతుంది మరి!

ఇంకో మాట పైకి మర్యాదగానే ఉంటుంది. ‘సొంద ఊరు ఎదు? ఆంధ్రావా?’ పుట్టింది పెరంబూరులో, చదివింది వ్యాసర్పాడిలో, కాపురం కొండితోపులో అయినా ఈ ప్రశ్న తప్పదు. విజయనగర రాజులు, నాయక రాజుల కాలం నుంచీ తెలుగు కుటుంబాలు తమిళనాట ఉన్నాయి. 1639లో ఈస్టిండియా కంపెనీకి ఈ తీరాన్ని రాసిచ్చింది దామెర్ల వెంకటాద్రి నాయకుడు. ఆయన తండ్రి చెన్నప్ప పేరు మీదే చెన్నపట్నం వెలసిందన్నది బాగా వాడుకలో ఉన్న కథనం. 1996లో మద్రాసు పోయి చెన్నై అన్న పేరే అధికారికమైంది. ఇలాంటి ఊళ్లో ఉంటూ ‘ఊరికెప్పుడెళ్తారు?’ అంటే ఏ ఊరని చెప్పాలి?

ఆరంబాకం దాటితే..

పోనీ ఆరంబాకం దాటి, తడ మీదుగా బంధువుల ఇంట పెళ్లికి వెళ్లామనుకోండి. అక్కడ ‘మీది అరవ తెలుగు’, ‘సాంబారు భాష’ అంటూ నవ్వులు. అంగడి, మిద్దె, బీగం.. ఇక్కడి ఇళ్లలో ఇప్పటికీ నలిగే మాటలు. అన్నీ తెలుగు నిఘంటువుల్లో ఉన్నవే. షాపు, లాకు అని పలికేవారు అంగడిని, బీగాన్ని అరవం అనడమే విచిత్రం!

మనమేం తక్కువ తినలేదు

మరి మన నోటి సంగతో? ‘అరవోళ్లు’, ‘అరవ గోల’ అని అలవోకగా అనేస్తుంటాం. ‘అరువానాడు’ అనే పాత తమిళ ప్రాంతం పేరు నుంచి అరవం అన్న మాట వచ్చిందని ఒక వాదన. అంటే మొదట్లో అందులో వెక్కిరింపు లేదన్నమాట. తెలుగువారిని తమిళులు పిలిచే ‘వడుగర్’ కూడా అంతే. వడక్కు అంటే ఉత్తరం. ఉత్తరాన ఉండేవారని అర్థం. సంగం సాహిత్యం నాటి మాట ఇది. వడుగపట్టి అనే ఊళ్లు తమిళనాట ఇప్పటికీ ఉన్నాయి. ఆ పేరుకు ఎవరూ నొచ్చుకోరు. నొప్పి మాటలో లేదు, అనే తీరులో ఉంది.

ఢిల్లీ రైలెక్కితే ఈ సంగతి బాగా తెలుస్తుంది. అక్కడ తమిళుడు, తెలుగువాడు, మలయాళీ అంతా ‘మద్రాసీ’లే. 1953లో ఆంధ్ర రాష్ట్రం వేరుపడినా, 1969లో మద్రాసు రాష్ట్రమే తమిళనాడుగా మారినా ఆ పిలుపు పోలేదు. అది వింటే మాత్రం గొల్టి అన్నవాడూ, అనిపించుకున్నవాడూ కలిసి మండిపడతారు!

పిల్లలు వింటున్నారు

పెద్దలు దులిపేసుకుంటారు. బడికెళ్లే పిల్లలు అలా కాదు. 2006లో తెచ్చిన చట్టం దశలవారీగా పదో తరగతి దాకా తమిళాన్ని తప్పనిసరి చేసింది. భాషా మైనారిటీ విద్యార్థులు మినహాయింపు కోసం కోర్టు మెట్లెక్కాల్సి వచ్చింది. బడిలో చోటు తగ్గాక చాలా ఇళ్లలో తెలుగుకు మిగిలింది వంటగది, ఫోను. ఇప్పుడు ఫోను కూడా జారిపోతోంది. బస్సులో అమ్మ తెలుగులో పలకరిస్తే ‘సరిమ్మా, వరేన్’ అని తమిళంలో జవాబిచ్చే పిల్లలున్నారు. పక్కవాడు ‘గొల్టి’ అంటాడన్న బెరుకు ఒకటి. సెలవులకు వెళితే ‘అరవ తెలుగు’ అని నవ్వుతారన్న బిడియం ఇంకొకటి. ఇటూ అటూ నవ్వులపాలయ్యే భాషను ఏ పిల్లాడు నోట పెట్టుకుంటాడు?

దీనికి పెద్ద ఉద్యమాలేం అక్కర్లేదు. ‘గొల్టి’ అన్న స్నేహితుడితో నవ్వి ఊరుకోకుండా ‘ఆ మాట నాకు నచ్చదప్పా’ అని ఒక్కసారి చెప్పొచ్చు. అలా చెప్పాలంటే ముందు మన ఇంట్లో ‘అరవోళ్లు’ ఆగాలి. ఇక ఆంధ్రాలో ఉన్న పిన్నమ్మలకు, మామయ్యలకు ఒక్క మాట. సెలవులకొచ్చిన పిల్లాడు ‘అంగడికి పోయొస్తా’ అంటే నవ్వకండి. డబ్బులిచ్చి పంపండి, చాలు.