రెండు అక్షరాలు చదవండి - పంపును కాపాడండి

రాత్రివేళ. రేపల్లె నుంచి తెనాలి ఆసుపత్రికి ఒక గర్భిణిని కారులో తీసుకుపోతున్నారు. దారిలో కారు ఆగిపోయింది అనుకోండి. ఎంత కష్టం!

కారు అలా ఆగటానికి ఒక కారణం ఫ్యూయల్ పంపు చెడిపోవటం. ట్యాంకులోని పెట్రోలును ఇంజనుకు పంపేది ఇదే.

ఇప్పటి పెట్రోలు కార్లలో ఈ పంపు ట్యాంకు లోపలే ఉంటుంది. కరెంటుతో తిరుగుతుంది. తిరిగేటప్పుడు వేడెక్కుతుంది. పెట్రోలే దాన్ని చల్లబరుస్తుంది. పెట్రోలు అడుగంటితే పంపు త్వరగా పాడవుతుంది. నీళ్ళు లేని బోరులో మోటారు వేస్తే కాలిపోదూ? ఇదీ అంతే.

మరి ఏం చేయాలి?

కారు మీటరు మీద రెండు ఇంగ్లీషు అక్షరాలు ఉంటాయి. 'ఎఫ్' అంటే నిండు. 'ఇ' అంటే ఖాళీ. ముల్లు 'ఇ' దగ్గరకు పోకముందే పెట్రోలు పోయించండి. పావు ట్యాంకు ఎప్పుడూ ఉంచండి. బాపట్ల సూర్యలంకకు బాడుగ వచ్చిందా? ముందు ముల్లు చూడండి.

ఫిల్టరుకు మురికి పడితే పంపు మీద బరువు పడుతుంది. కారుతో ఇచ్చిన పుస్తకంలో చెప్పిన వేళకు మార్పించండి.

వెనక సీటు కింద కూత వినిపించినా, బండి ఊగి ఊగి నడిచినా వెంటనే మెకానిక్కుకు చూపించండి.

అక్షరాలు నేర్చుకున్నాం కదా! మీటరు మీద అక్షరాలూ చదువుదాం.