మూతపడని తూము: జీవకణమున క్యాన్సరు పుట్టు విధము

చెరువు క్రింద సేద్యము సాగు గ్రామమున తూము తెరచుటకు, మూయుటకు ఒక కట్టుబాటు కలదు. కబురు వచ్చినపుడు నీరటికాడు తూము తెరచును. మడి తడిసిన పిమ్మట మూయును. కబురు లేకయే తెరచుకొని, మరల మూతపడనిచో పైరు మునుగును, చెరువు ఎండును. రాచపుండు అని మన పెద్దలు పిలిచిన క్యాన్సరు వ్యాధి పెక్కు సందర్భములలో ఇట్లే ఆరంభమగును.

మన శరీరము లక్షల కోట్ల జీవకణములతో నిర్మితమైనది. గాయము మానుటకు, పాత కణముల స్థానమున క్రొత్తవి ఏర్పడుటకు కణములు విభజన చెందవలెను. అయితే ఏ కణమును తన ఇచ్చ వచ్చినట్లు పెరుగరాదు. సాధారణముగా ఆజ్ఞ వెలుపలినుండి రావలెను. ఆ ఆజ్ఞను తెచ్చు పదార్థములకు పెరుగుదల కారకములని పేరు. వీనిని కనుగొన్నందులకు రీటా లెవీ మొంటాల్చినీ, స్టాన్లీ కోహెన్ అను శాస్త్రజ్ఞులకు 1986లో నోబెల్ బహుమానము లభించినది.

ఆజ్ఞను అందుకొనుటకు కణపు పొరయందు గ్రాహకములు కలవు. వానిలో ఒక జాతి టైరోసిన్ కైనేజు గ్రాహకములు. మానవునిలో ఇవి 58 రకములు. కారకము వచ్చి వెలుపలి భాగమును తాకగానే, సాధారణముగా రెండు గ్రాహకములు జతకూడును. వాని లోపలి భాగములు ఒకదానిపై నొకటి, టైరోసిన్ ఉన్న చోట, ఫాస్ఫేటు అను గుర్తును ఉంచును. ఆ గుర్తును ఆధారముగా గొని ఇతర మాంసకృత్తులు కబురును చేతులు మార్చుచు కణకేంద్రమునకు చేర్చును. కణము విభజన చెందును. పని ముగిసిన పిమ్మట గుర్తులు తుడిచివేయబడును.

ఆ ఫాస్ఫేటును సమకూర్చునది ఏ.టి.పి. అను పదార్థము. భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు, సైరస్ ఫిస్కేతో కలసి అమెరికాలోని హార్వర్డునందు 1929లో దీనిని గుర్తించెను. అదే యేట జర్మనీలో కార్ల్ లోమన్ కూడ వేరుగా గుర్తించెను.

గ్రాహకమును నిర్మించు జన్యువులో మార్పు వచ్చినచో ఈ కట్టుబాటు చెడును. కొన్ని ఊపిరితిత్తుల క్యాన్సరులలో ఇ.జి.ఎఫ్.ఆర్. అను గ్రాహకము కబురు లేకయే పనిచేయుచుండును. పొగ త్రాగని వారియందును ఈ మార్పు కనబడును. రొమ్ము క్యాన్సరులలో సుమారు 15 నుండి 20 శాతమునందు హెర్-2 అను గ్రాహకము మితిమీరి పెరిగి యుండును. ఇట్టి మార్పులలో పెక్కు తల్లిదండ్రులనుండి సంక్రమించినవి కావు. జీవితకాలమున కణములలో ఏర్పడినవే.

లోపము తెలిసిన పిమ్మట దానికి తగిన మందు వచ్చినది. హెర్-2ను అడ్డగించు ట్రాస్టుజుమాబ్ అను మందునకు 1998లో అమెరికాలో అనుమతి లభించినది. ఇ.జి.ఎఫ్.ఆర్.లో ఏ మార్పులున్న రోగులకు జెఫిటినిబ్ వంటి మాత్రలు బాగుగా పనిచేయునో 2004లో తేలినది. అయినను కొంతకాలమునకు కణములు మరల మార్పు చెంది మందునకు లొంగకపోవుట కలదు. అందువలన వ్యాధిని తొలిదశలోనే గుర్తించుట ముఖ్యము.

పంచాయతీ సభ్యులు ఇచట గమనింపవలసిన విషయ మొకటి కలదు. ఏ తూము చెడినదో తెలియనిదే ఏ మందు తగునో వైద్యుడు నిర్ణయింపజాలడు. అందులకు సాధారణముగా గడ్డనుండి చిన్న ముక్క తీసి పరీక్షింపవలెను. "గడ్డపై కత్తి పడినచో వ్యాధి ప్రాకును" అను భయముతో పలువురు ఈ పరీక్షను మానుకొని, విలువైన నెలలను పోగొట్టుకొనుచున్నారు. ఆ భయముకంటె ఆలస్యమే ఎక్కువ ప్రమాదకరము. నొప్పి లేదని గడ్డను ఉపేక్షింపరాదు.

క్యాన్సరు అంటువ్యాధి కాదు. రోగికి వేరు కంచము, వేరు గది పెట్టుట అజ్ఞానము. 30 సంవత్సరములు దాటినవారికి నోటి, రొమ్ము, గర్భాశయ ముఖద్వార క్యాన్సరుల పరీక్షలు జరుపుటకు ప్రభుత్వ కార్యక్రమము కలదు. తమ వార్డులో వీనికి పోని వారెవరో తెలిసికొని, ఆరోగ్య కార్యకర్తతో కలసి వారి ఇంటికి వెళ్లి నచ్చజెప్పుట సభ్యులు చేయదగిన పని. తూము గండి పడకముందే చూచుకొనుట మన రైతునకు తెలియని విద్య కాదు.